మాతృక పక్కన రీమేక్: కొలత ఎక్కడ పెట్టాలి?

రీమేక్ సినిమా విడుదలైన రోజు తిరుపతి థియేటర్ల బయట వినిపించే తీర్పులు సాధారణంగా రెండే. ఒకటి, ‘ఒరిజినలంత లేదు’. రెండోది, ‘మక్కీకి మక్కీ దించేసినారు’. చిత్రమేమిటంటే ఈ రెండు మాటలూ ఒకే సినిమా గురించి, ఒక్కోసారి ఒకే మనిషి నోటి నుంచి వస్తాయి. మార్చితే మాతృకను చెడగొట్టారన్న నింద, మార్చకపోతే సొంత బుర్ర లేదన్న నింద. ఈ రెండింటి మధ్య రీమేక్‌కు మిగిలే చోటు ఎంత, దాన్ని ఏ కొలతతో చూస్తే న్యాయంగా ఉంటుంది అన్నది ఆలోచించదగ్గ విషయం. అందుకు చిత్తూరు, తిరుపతి జిల్లాలంత అనువైన చోటు తెలుగునాట మరొకటి ఉండకపోవచ్చు.

చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం; తిరుపతి నుంచి చెన్నైకి మూడు నాలుగు గంటలు; కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే మూలన ఉంది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళిపోవడంతో మ్యాపు మీద గీత పడింది గానీ నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు కుటుంబాల్లో రెండు భాషల వాడకం ఆగలేదు. తొంభైలలో కేబుల్ కనెక్షన్లతో పాటు సన్ టీవీ కూడా ఇళ్ళల్లోకి వచ్చింది. కాబట్టి కోస్తాలోనో తెలంగాణలోనో ఉన్న ప్రేక్షకుడికి కొత్త కథగా కనిపించిన తెలుగు సినిమా, ఇక్కడి ప్రేక్షకుల్లో చాలామందికి అప్పటికే తెలిసిన కథ. పోల్చి చూడటం ఇక్కడ విమర్శకుల పని కాదు, అందరి అలవాటు.

ఆ అలవాటులో ఒక లోపం ఉంది. పోలిక ఎప్పుడూ సన్నివేశాల మీద, నటుల మీద సాగుతుంది: ఫలానా సీను ఉంచారా, తీసేశారా, ఆయన చేసినంత బాగా ఈయన చేశాడా? కానీ కథను ముందుకు నెట్టేది సన్నివేశం కాదు, దాని వెనకనున్న కారణం. ఒక మనిషి ఆ పని ఎందుకు చేయాల్సి వచ్చింది, చేయకుండా ఉండలేని స్థితిలోకి అతణ్ణి నెట్టింది ఏమిటి అన్న ప్రశ్నలకు మాతృక తన ఊరి నుంచి, తన సమాజం నుంచి జవాబు తెచ్చుకుంటుంది. రీమేక్ ఆ జవాబును కొత్త ఊరిలో మళ్ళీ వెతకాలి. మనుషులను మాత్రం కొత్త ఊరికి తరలించి కారణాన్ని పాత ఊరిలోనే వదిలేసి వస్తే, ఎంత నమ్మకంగా తీసినా ఆ సినిమా నిలబడదు. మాతృకను రీమేక్ పక్కన పెట్టి చూడాల్సింది ఇక్కడే.

ఈ కొలత ఎలా పనిచేస్తుందో చూడటానికి 1993 నాటి మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళ్’, దాని వారసులు మంచి ఉదాహరణ. ఫాజిల్ దర్శకత్వం వహించిన ఆ సినిమాలో కేరళలోని పాత బంగళాకు కోడలిగా వచ్చిన గంగ, ఎప్పుడో చచ్చిపోయిన తంజావూరు నర్తకి నాగవల్లిగా తనను తాను భావించుకుంటుంది. భర్త ఆమెను బయటికి పోవద్దని ఆపిన సన్నివేశం ఆ సినిమాకంతటికీ ఆయువుపట్టు. అంతవరకు మామూలు గృహిణిలా మాట్లాడుతున్న మనిషి గొంతు మారుతుంది, కళ్ళు మారతాయి, చేత్తో మంచాన్ని పైకెత్తుతుంది. వీటన్నింటికంటే ముఖ్యంగా ఆమె నోటి నుంచి తమిళం వస్తుంది. శోభనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చిన పాత్ర ఇది. ఆ క్షణంలో మలయాళ ప్రేక్షకుడిని వణికించింది మంచం కాదు, భాష. ఇంటి మనిషి నోట పొరుగువారి భాష పలకడంతో ఈమె ఇక మన మనిషి కాదని ఒక్కసారిగా తెలిసిపోతుంది.

పి. వాసు ఈ కథను 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా, 2005లో తమిళంలో ‘చంద్రముఖి’గా తీసినప్పుడు నర్తకిని తెలుగు స్త్రీని చేశారు. తమిళ చిత్రంలో తమిళమే మాట్లాడే నర్తకి ఉంటే దెయ్యానికీ ఇంటి కోడలికీ తేడా చెవికి అందదు. అందుకే ‘రారా’ పాట తమిళ సినిమాలో తెలుగులో ఉంది. ప్రియదర్శన్ 2007లో హిందీలో తీసిన ‘భూల్ భులయ్యా’లో ఆమె బెంగాలీ నర్తకి అయింది. మరి ‘చంద్రముఖి’ తెలుగు డబ్బింగులో ఏం చేయాలి? అక్కడ తెలుగు పాట తెలుగులోనే ఉంచితే పని చెడుతుంది కనుక ఆ చోట ‘వారాయ్’ అంటూ తమిళ పాట వినిపించింది. తమిళం నుంచి బయలుదేరిన నర్తకి తెలుగు మీదుగా తిరిగి తమిళానికే చేరింది. పాట పూర్తిగా మారిపోయింది, నర్తకి ఊరూ భాషా మారిపోయాయి. అయినా మాతృకకు ఇంత విధేయంగా ఉన్న మార్పు దక్షిణాది రీమేకుల్లో అరుదు. సన్నివేశాన్ని అక్షరాలా ఉంచి ఉంటే అదే మాతృకకు ద్రోహమయ్యేది.

ఇందులో చిత్తూరు ప్రేక్షకుడికి మాత్రమే ఎదురయ్యే ఒక ఇబ్బంది కూడా ఉంది. నగరి సంతలోనో చిత్తూరు బస్టాండులోనో రోజూ తమిళం వినేవారికి, ఇంట్లో అత్తగారితో తమిళంలోనే మాట్లాడే కోడళ్ళున్న కుటుంబాలకు, ఆ భాష పరాయిదిగా వినపడదు. విశాఖపట్నంలో వెన్నులో చలి పుట్టించిన మాట ఇక్కడ పక్కింటావిడ మాటలాగే ఉంటుంది. అది సినిమా తప్పు కాదు. ఏ సినిమా అయినా తన ప్రేక్షకుడు ఎక్కడివాడో ఊహించుకునే తయారవుతుంది, సరిహద్దు మనిషి ఆ ఊహలో ఇమడడు.

అన్ని కథలకూ ఇంత తర్జనభర్జన అవసరం లేదు. కుటుంబ కథలు చాలా తేలిగ్గా ఎల్లలు దాటుతాయి. 1962 నాటి ‘గుండమ్మ కథ’కు విఠలాచార్య కన్నడంలో తీసిన ‘మనె తుంబిద హెణ్ణు’ ఆధారమని నేటి ప్రేక్షకుల్లో ఎందరికి తెలుసు? సవతి కూతురిని పనిమనిషిగా చూసే గయ్యాళి, ఇల్లరికపుటల్లుళ్ళు, పెళ్ళి ఎత్తులు ఏ భాషలోనైనా ఉన్నవే గనుక కారణాన్ని కొత్తగా వెతకాల్సిన అవసరం రాలేదు. గుండమ్మ అన్న కన్నడ పేరు కూడా అలాగే ఉండిపోయింది. కవలల కథతో వచ్చిన ‘రాముడు భీముడు’ (1964) మరుసటి ఏడాదే తమిళంలో ‘ఎంగ వీట్టు పిళ్ళై’, 1967లో హిందీలో ‘రామ్ ఔర్ శ్యామ్’ అయింది. మూడూ ఆడాయి. ఇలాంటి వాటి దగ్గర చర్చ నటుల మీదే సాగినా నష్టం లేదు.

‘ఒక్కడు’ (2003), దాని తమిళ రీమేక్ ‘గిల్లి’ (2004) సంగతి వేరు. గుణశేఖర్ తీసిన మాతృకలో కబడ్డీ ఆడటానికి కర్నూలు వెళ్ళిన హైదరాబాద్ కుర్రాడు, కొండారెడ్డి బురుజు దగ్గర ఓబుల్‌రెడ్డి అనే ఫ్యాక్షనిస్టును కొట్టి, అతని నుంచి ఒక అమ్మాయిని తప్పిస్తాడు. ధరణి తీసిన రీమేక్‌లో కర్నూలు మదురై అయింది, చార్మినార్ పక్క ఇల్లు చెన్నై లైట్‌హౌస్ దగ్గరికి మారింది. ప్రకాశ్‌రాజ్ మాత్రం రెండింటిలోనూ ఉన్నారు. మార్పు ఇంత సాఫీగా ఎలా కుదిరింది? రాయలసీమ అంటే తెలుగు సినిమాలోనూ, మదురై అంటే తమిళ సినిమాలోనూ అప్పటికే సిద్ధంగా ఉన్న బొమ్మ ఒకటే కాబట్టి. అక్కడికి పోతే హోంమంత్రి అండతో ఒక మొరటు మనిషి ఎవరినైనా నరకగలడు, అడిగేవాడుండడు అన్నది ప్రేక్షకుడు ముందే ఒప్పుకుని టికెట్ కొంటాడు. అంటే ఇక్కడ ఒక ఊరు మరో ఊరిగా మారలేదు, ఒక సినిమా ఊరు మరో సినిమా ఊరిగా మారింది. ‘గిల్లి’ వేగం మాతృకకంటే మిన్న అనేవారు ఈ జిల్లాల్లోనూ ఉన్నారు, ఆ మాటలో కొంత నిజముంది. కానీ ఆ వేగానికి మూలం, నిరూపించాల్సిన భారమేదీ దానికి లేకపోవడమే. (ఫ్యాక్షన్ అంటే కర్నూలు, కడప, అనంతపురాల చరిత్ర. అందులో చిత్తూరు వాటా తక్కువే అయినా సినిమాల్లో సీమ పాత నాలుగు జిల్లాలూ ఒకే గాటన కట్టబడతాయి. ఈ ఫిర్యాదు పాతదే.)

కారణం సినిమా బొమ్మ నుంచి కాకుండా నేల నుంచి వచ్చినప్పుడు రీమేక్ పని కష్టమవుతుంది. మూడెకరాల కోసం తెగించిన ఒక కుటుంబం కథగా 2019లో వెట్రిమారన్ తమిళంలో తీసిన ‘అసురన్’కు పూమణి రాసిన ‘వెక్కై’ నవల ఆధారం. అంటే మాతృక అనుకుంటున్నది కూడా ఒక రూపాంతరమే. ఆ సినిమా ఫ్లాష్‌బ్యాక్‌లో పంచమి భూముల ప్రస్తావన ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం 1892లో దళితులకు కేటాయించి, ఇతరులకు అమ్మకూడదని షరతు పెట్టిన భూములవి. వాటిలో చాలా భాగం తర్వాత ఇతరుల చేతుల్లోకి పోయింది. ఈ భూముల కోసం జరిగిన పోరాటాలు తమిళ ప్రేక్షకుడికి తెలిసినవే. గుడిసెలు తగలబడే ఘట్టం చూసినప్పుడు 1968 డిసెంబరులో కీళ్‌వెణ్మణిలో ఒకే గుడిసెలో 44 మంది సజీవ దహనమైన సంగతి అతనికి గుర్తొస్తుంది. సినిమా చెప్పకుండానే సగం చెప్పేస్తుంది.

2021లో శ్రీకాంత్ అడ్డాల దర్శకత్వంలో వెంకటేశ్ చేసిన ‘నారప్ప’ ఈ కథను అనంతపురం ప్రాంతానికి తెచ్చింది. సన్నివేశాల వరుస దాదాపు మాతృకదే. వెంకటేశ్ నటనలో లోపం వెతకడం కష్టం, ముసలితనపు నడకలోనూ అణచుకున్న కోపంలోనూ ఆయన పాత్రకు పూర్తి న్యాయం చేశారు. అయినా మాతృక తగిలిన చోట ఇది తగలలేదన్న అసంతృప్తి చాలామందిలో మిగిలింది. నటుణ్ణి నటుడితో పోలిస్తే ఆ అసంతృప్తికి కారణం దొరకదు. తెలుగు ప్రేక్షకుడి జ్ఞాపకంలో కీళ్‌వెణ్మణి లేదు, దళితుల ఊచకోతలు జరిగిన కారంచేడు (1985), చుండూరు (1991) ఉన్నాయి. అవి రెండూ కోస్తా ఊళ్ళు, అక్కడ హింస జరిగిన తీరూ వేరు. అనంతపురం నేపథ్యంలో గుడిసెలు కాలితే ఆ మంట ప్రేక్షకుడి మనసులో ఏ జ్ఞాపకానికీ అంటుకోదు.

భూమి విషయంలో మాత్రం ఇక్కడ గట్టి కారణమే అందుబాటులో ఉంది. రాయలసీమ పల్లెల్లో డీకేటీ పట్టా అంటే తెలియని రైతు ఉండడు. భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఈ భూములను అమ్మడాన్నీ కొనడాన్నీ 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం నిషేధించింది. అయినా అప్పు కిందో, నోటి మాట మీదో, తెల్లకాగితం ఒప్పందం మీదో ఆ భూములు చేతులు మారుతూనే వచ్చాయి. పట్టా ఒకరి పేర, సాగు మరొకరిది, ఆఫీసులో కాగితం ఇంకొకరి దగ్గర. చిత్తూరు జిల్లాలో ఏ మండల రెవెన్యూ కార్యాలయం ముందు ఓ పూట నిలబడినా ఇలాంటి తగాదా ఒకటైనా చెవిన పడుతుంది. మూడెకరాల కోసం ఒక కుటుంబం ఎందుకు తెగించిందన్న ప్రశ్నకు ఈ నేల ఇవ్వగలిగిన జవాబు ఇది. ఆ జవాబు మీద కట్టిన సినిమా ‘అసురన్’కు సన్నివేశాల లెక్కలో చాలా దూరంగా ఉండొచ్చు, అయినా అదే దానికి నిజమైన రీమేక్ అవుతుంది.

ఇందుకు భిన్నంగా, చుట్టూ ఉన్నది ఎంత మారినా చెక్కుచెదరని కథలున్నాయి. జీతు జోసెఫ్ మలయాళ ‘దృశ్యం’ (2013) అందులో మొదటిది. నాలుగో తరగతితో చదువు ఆపేసిన కేబుల్ ఆపరేటర్, రాత్రంతా ఆఫీసులో సినిమాలు చూసి సంపాదించిన తెలివితో పోలీసులను బోల్తా కొట్టిస్తాడు. నేరం జరిగిన రోజు తాము ఊళ్ళో లేమని నమ్మించడానికి మలయాళంలో ఆ కుటుంబం వెళ్ళామని చెప్పింది క్రైస్తవ ధ్యాన కేంద్రానికి. హిందీలో అది పణజీలో ఒక స్వామీజీ సత్సంగం అయింది. మతం మారింది, తేదీ మారింది, తిన్న తిండి మారింది. కథకు వెంట్రుకవాసి నష్టం లేదు. ఎందుకంటే ఆ చోటుకు ఉన్న పని ఒక్కటే: ఏ రోజు ఎవరు వచ్చారో ఎవరికీ కచ్చితంగా గుర్తుండని జనం ఉండటం. తిరుమల దారిలో అలిపిరి దగ్గర పెట్టినా ఆ కథ నడుస్తుంది, బహుశా ఇంకా బాగా నడుస్తుంది.

కథకు కదలని మేకు మరో చోట ఉంది. కానిస్టేబుల్ చేతిలో తన్నులు తినే మనిషిగా కథానాయకుణ్ణి ప్రేక్షకుడు ఒప్పుకోవాలి. 2014లో శ్రీప్రియ దర్శకత్వంలో వచ్చిన తెలుగు ‘దృశ్యం’ నిలబడిందంటే అందుకు సగం కారణం, కుటుంబ కథల్లో ఇరవై ఏళ్ళుగా భర్తగా, అన్నగా, తండ్రిగా అలవాటైన వెంకటేశ్ దెబ్బలు తిని ఊరుకుంటే థియేటర్‌లో ఎవరికీ అనుమానం రాకపోవడం. తమిళంలో ‘పాపనాశం’ (2015)ను జీతు జోసెఫే స్వయంగా తీశారు, కథ కూడా ఆయనదే. అయినా చివర్లో మోహన్‌లాల్ గుట్టుగా, తడబడకుండా పలికిన క్షమాపణ దగ్గర కమల్ హాసన్ కన్నీళ్ళు పెట్టుకున్నారు. మలయాళంలో ఆ మనిషి చివరిదాకా అంతుచిక్కడు, తమిళంలో మనసు విప్పి బయటపడతాడు. దర్శకుడు ఒక్కరే అయినప్పుడు ‘మాతృకను అర్థం చేసుకోలేదు’ అన్న ఆరోపణ చెల్లదు. ఆయన ఒకే కథకు రెండు ముగింపులు సాధ్యమని నమ్మారు, అంతే. అంతుచిక్కని ముగింపే మేలన్నది ఈ వ్యాసం అభిప్రాయం. కమల్ కన్నీళ్ళ వైపు మొగ్గేవారూ ఎందరో ఉన్నారు.

హీరో ఇమేజ్ కారణాన్నే తలకిందులు చేసిన సందర్భం ‘వకీల్ సాబ్’ (2021). దాని హిందీ మాతృక ‘పింక్’ (2016)లో లాయరు వయసు మళ్ళినవాడు, మానసిక వ్యాధితో వృత్తికి దూరమైనవాడు. అమితాబ్ బచ్చన్ ఆ పాత్రలో ముగ్గురు అమ్మాయిల వెనక నిలబడతారే గానీ ముందుకు రారు. ఆడపిల్ల వద్దంటే వద్దనే అర్థమన్నది కోర్టులో ఆయన వాదన. ఆ మాటకు అండగా కండబలం అక్కర్లేదన్నది ఆ వాదనలోనే ఉంది. తెలుగులో పవన్ కల్యాణ్ కోసం లాయరుకు ప్రేమకథ, విషాదం, ఫైట్లు చేర్చారు. అమ్మాయి మాటే చాలని కోర్టులో చెప్పిన సినిమా, ఆ మాట చెల్లడానికి ఒక మగవాడు రౌడీలను కొట్టాలని బయట చూపించింది. ఎలివేషన్లకు ఈలలు పడ్డాయి, వాదన పలచబడింది. అయితే ఈ తీర్పు ఇక్కడితో ముగించడమూ సరికాదు. హిందీలో వచ్చిన ‘పింక్’ పలమనేరు, పుంగనూరు లాంటి ఊళ్ళ థియేటర్లలో ఆడే సినిమా కాదు. ఈలలు వేయడానికి వచ్చిన కుర్రాళ్ళు కోర్టు సీన్లనూ కూర్చునే చూశారు. మాతృక కంటే బలహీనమైన సినిమా మాతృక చేరలేని చోటికి చేరింది. ఈ రెండూ నిజాలే, ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టేయలేం.

ఎవరికి చేరిందన్న ప్రశ్న ఓటీటీ వచ్చాక ఇంకా ముదిరింది. మలయాళ ‘దృశ్యం 2’ 2021 ఫిబ్రవరిలో అమెజాన్ ప్రైమ్‌లో నేరుగా విడుదలైంది. తెలుగు ‘దృశ్యం 2’ అదే ఏడాది నవంబరులో, అదే ప్రైమ్‌లో, మలయాళంలో తీసిన జీతు జోసెఫ్ చేతుల మీదుగానే వచ్చింది. సబ్‌టైటిళ్ళు చదివే కాలేజీ కుర్రాడికి అది తొమ్మిది నెలల పాత కథ. అదే ఇంట్లో ఇంగ్లిష్ అక్షరాలను వెంటాడలేని అమ్మకు అదే మొదటి సినిమా, ఆమె దృష్టిలో మాతృక అదే. మొదట చూసినదే మనసులో అసలుగా స్థిరపడటం సహజం. రెండోసారి చూసే కథలో ముడి ఎక్కడ విడుతుందో ముందే తెలుసు గనుక ఉత్కంఠ సగమవుతుంది. ఆ లోటు సినిమాదా, చూసిన వరుసదా అన్నది సమీక్షల్లో తేలడం అరుదు. సస్పెన్స్ కథల విషయంలో ఇది మరీ అన్యాయం.

రీమేక్ చేయడానికి వీల్లేని సినిమాలూ ఉన్నాయి. ‘పుష్ప’ (2021) హిందీలో డబ్బింగుగానే వెళ్ళింది, మరోలా వెళ్ళే దారి కూడా దానికి లేదు. ఎర్రచందనం శేషాచలం, వెలికొండ, పాలకొండ, లంకమల కొండల్లో తప్ప చెప్పుకోదగ్గంతగా మరెక్కడా పెరగదు. దుంగ లేకపోతే కూలీ లేడు, స్మగ్లర్ లేడు, కథే లేదు. చిత్తూరు యాసను కథానాయకుడి నోట ఆ స్థాయిలో వినిపించడం ఈ ప్రాంతం వారికి సంతోషాన్నిచ్చింది. కానీ మాతృక అన్న గౌరవం ఉన్నంత మాత్రాన ఈ సినిమా కూడా ఇదే కొలత నుంచి తప్పించుకోలేదు. తెర మీది అడవి చాలా వరకు ఉమ్మడి తూర్పు గోదావరి మారేడుమిల్లిది. దట్టమైన పచ్చదనం, తడి నేల. శేషాచలం ఎండు కొండ, రాతి నేల, వేసవిలో ఆకు రాల్చే చెట్లు. అలిపిరి నుంచి తలెత్తి కొండను చూసే ఎవరికైనా ఆ తేడా కనిపిస్తుంది. యాస విషయంలో నెగ్గిన సినిమా అడవి విషయంలో నెగ్గలేదు.

ఈ కథను ఎవరైనా తమిళంలో మళ్ళీ తీయదలిస్తే, స్మగ్లర్ వైపు నుంచి కాకుండా గొడ్డలి పట్టినవాడి వైపు నుంచి తీయొచ్చు. ఈ అడవిలో చెట్టు కొట్టడానికి వచ్చి పట్టుబడ్డవారిలో చాలామంది జవ్వాది కొండల చుట్టుపక్కల పల్లెల వారు. 2015 ఏప్రిల్‌లో శేషాచలం ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన 20 మందీ తమిళనాడు కూలీలే. అలాంటి సినిమా వస్తే, కథానాయకుడు గడ్డం కింద చెయ్యి తిప్పాడా లేదా అని చూడటం కాదు, తన ఊళ్ళో పని దొరకని మనిషి ఏ అప్పు తీర్చడానికి ఆ రాత్రి ఆంధ్రా వైపు బస్సెక్కాడో సినిమా చూపించిందా లేదా అని చూడాలి.